ఐసీయూలో రక్తానికి పట్టే ఫంగస్‌ను ముందే పసిగట్టడం: రోజూ చేయాల్సిన పని, వరుసగా

మా ల్యాబ్‌కి ఐసీయూల నుంచి వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇది: "మేడం, జ్వరం తగ్గట్లేదండి. యాంటీబయాటిక్ మార్చి మూడు రోజులైంది. ఫంగస్ మందు మొదలుపెట్టమంటారా?" అమలాపురం నుంచైనా, భీమవరం నుంచైనా అదే మాట, అదే టెన్షన్. ఫోన్లో రెండు నిమిషాల్లో దీనికి సరైన జవాబు చెప్పలేను. చెప్పాలంటే అంతకు ముందు వారం రోజులు పేషెంటుకి ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసి ఉండాలి. ఆ కాగితం ఎలా తయారు చేయాలో, దాన్నిబట్టి ఎప్పుడు ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ఇది డ్యూటీ డాక్టర్లకూ ఐసీయూ సిస్టర్లకూ రాసింది. పెద్దవాళ్ల ఐసీయూ గురించే ఎక్కువగా ఉంటుంది. పసిపిల్లల వార్డు గురించి చివర్లో కొంచెం చెబుతాను. కీమోథెరపీ వల్ల తెల్లకణాలు బాగా పడిపోయినవారికి ఈ లెక్కలు వర్తించవు, వాళ్ల పద్ధతి వేరు. పేషెంటు తాలూకు బంధువులు చదువుతుంటే, ఇందులోని మందుల పేర్లు చూసి డాక్టరుని ఒత్తిడి చేయకండి. "కల్చర్లు పంపారా అండీ?" అని అడగండి, అది మంచి ప్రశ్న. కల్చర్ అంటే రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష.

## 1. ముందు ప్రశ్న తేల్చుకోండి

"ఈ పేషెంటుకి ఫంగస్ ఉందా, లేదా?" అని స్కోరుని అడిగితే అది చెప్పలేదు. ఇక్కడ ఫంగస్ అంటే కాండిడా అనే ఈస్ట్; స్కోరు అంటే దాని ప్రమాద కారణాలకి మార్కులు వేసే కాండిడా స్కోరు, 5వ భాగంలో వస్తుంది. ఎవరిని కనిపెట్టుకుని ఉండాలి, ఎవరికి కల్చర్లు తీయాలి, ఎవరికి మందు పెట్టాలి అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఈ మూడింటినీ ఒకటిగా కలిపేయడం వల్లే సగం తప్పులు జరుగుతున్నాయి.

మనకు తెలిసిన గోదారి లెక్కలోనే చూడండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వినగానే లంకల్లో ఎవరూ ఊరు ఖాళీ చేయరు. పశువుల్ని గట్టు మీదికి తోలతారు, పడవలు సరిచూసుకుంటారు. అలాగని హెచ్చరిక విని ఊరికే కూర్చోరు కూడా. ఐసీయూలోనూ మూడు మెట్లు పెట్టుకోండి:

- మొదటి హెచ్చరిక: ప్రమాద కారణాలు కూడుతున్నాయి. కనిపెట్టుకుని ఉండాలి, గొంతు, చర్మం లాంటి చోట్ల నుంచి వారానికి రెండుసార్లు స్వాబ్‌లు తీయాలి.
- రెండో హెచ్చరిక: స్కోరు 3కి చేరింది, లేదా కారణం తెలియని జ్వరం కొత్తగా వచ్చింది. ఆ రోజే పూర్తి మోతాదులో బ్లడ్ కల్చర్లు తీయాలి.
- మూడో హెచ్చరిక: స్కోరు 3 దాటింది, బీపీ పడిపోతోంది లేదా అవయవాలు దెబ్బతింటున్నాయి, వేరే కారణం దొరకడం లేదు. కల్చర్లు తీసిన వెంటనే మందు మొదలుపెట్టాలి.

## 2. సిద్ధం చేసుకోవాల్సినవి

ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. కేస్ షీట్ ముందు పెట్టే ఒక పేజీ చాలు. అడ్డంగా తేదీలు, నిలువుగా ప్రమాద కారణాలు.

పేజీలో ఉండాల్సిన గడులు:

- ఏ ఆస్పత్రిలోనైనా సరే, మొదటిసారి చేరిన తేదీ
- ఐసీయూలోకి వచ్చిన తేదీ
- సెంట్రల్ లైన్ (పెద్ద నరంలోకి వేసే పైపు) వేసిన తేదీ, ఎక్కడ వేశారు
- యాంటీబయాటిక్స్ పేర్లు, మొదలైన రోజు
- వెంటిలేటర్, డయాలసిస్, టీపీఎన్ (నరం ద్వారా ఎక్కించే ఆహారం) మొదలైన రోజులు
- ఆపరేషన్ తేదీ. పేగు, పొట్ట ఆపరేషనైతే ఆ మాట విడిగా
- స్టెరాయిడ్లు, ఇతర ఇమ్యూనిటీ తగ్గించే మందులు
- పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) ఉందా
- ఇప్పటికే ఫ్లూకోనజోల్ లాంటి ఫంగస్ మందు వాడారా
- స్వాబ్‌ల ఫలితాలు, తేదీలతో

మొదటి గడి దగ్గరే మన ప్రాంతంలో ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. రాజోలులోనో ముమ్మిడివరంలోనో జ్వరం వచ్చిన మనిషి ముందు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఇంజక్షన్లు చేయించుకుంటాడు. తర్వాత టౌన్లో నర్సింగ్ హోమ్‌లో నాలుగు రోజులుంటాడు. అప్పుడు కాకినాడకో రాజమండ్రికో వస్తాడు. మన షీట్‌లో "ఒకటో రోజు" అని రాస్తాం. ఆ మనిషి ఒంట్లోని మంచి బ్యాక్టీరియా యాంటీబయాటిక్స్ దెబ్బకి పోయి అప్పటికే వారమైంది. ఫంగస్‌కి మన అడ్మిషన్ తేదీతో పని లేదు. ఆస్పత్రి మారినా రోజుల లెక్క మారకూడదు.

అందుకే బంధువుల్ని కూర్చోబెట్టి అడగండి. "ఏం మందులు వాడారు?" అంటే చెప్పలేరు. "మందుల చీటీలు, సీసాలు, ఖాళీ అట్టలు ఏమైనా ఉంటే తీసుకురండి" అనండి, సంచి విప్పుతారు. అందులో సెఫ్ట్రియాక్సోన్ ఖాళీ వయల్స్, డెక్సామెథసోన్ చీటీలు దొరుకుతాయి. ఈ పది నిమిషాలు మిగతా అన్ని లెక్కల కన్నా విలువైనవని నా నమ్మకం.

## 3. పొద్దుటి రౌండ్‌లో మొదటి వడపోత

ఐసీయూలో 4 రోజులు దాటిన ప్రతి పేషెంటుకీ ఇది చేయండి. ఆస్ట్రోస్కీ-జైక్నర్ బృందం 2007లో ప్రచురించిన నియమం సారం ఇది: మొదటి మూడు రోజుల్లో సెంట్రల్ లైన్ గానీ ఒంటికంతటికీ పనిచేసే యాంటీబయాటిక్ గానీ ఉండాలి. దానికి తోడు ఈ కింది వాటిలో కనీసం రెండు ఉండాలి.

- టీపీఎన్
- డయాలసిస్
- గత వారంలో పెద్ద ఆపరేషన్
- పాంక్రియాటైటిస్
- స్టెరాయిడ్లు
- ఇమ్యూనిటీ తగ్గించే ఇతర మందులు

కారణాలు అర్థమైతే జాబితా గుర్తుంటుంది. ఈ ఫంగస్ బయటి నుంచే రానక్కర్లేదు, కాండిడా మన పేగుల్లో, చర్మం మీద మామూలుగానే ఉంటుంది. యాంటీబయాటిక్స్ దాని పోటీదారుల్ని చంపుతాయి, అది పెరుగుతుంది. పేగు చిల్లుపడినా, కోసినా, వాచినా దానికి దారి దొరుకుతుంది. సెంట్రల్ లైన్ ప్లాస్టిక్ మీద పొరలా అతుక్కుని ఉండిపోగలదు.

ఈ నియమానికి ఒక లోపం ఉంది. దీనికి దొరకని కేసులే ఎక్కువ. కాబట్టి ఇందులో పడలేదని పేషెంటుని పక్కన పెట్టేయకండి. పడినవాళ్ల విషయంలో మాత్రం ఆ రోజే స్వాబ్‌లు మొదలుపెట్టండి.

పేగు ఆపరేషన్ తర్వాత కుట్లు లీకైనవాళ్లు, రెండోసారి పొట్ట తెరిచినవాళ్లు ఏ నియమంలో పడినా పడకపోయినా మొదటి హెచ్చరికలో ఉన్నట్టే లెక్క.

## 4. స్వాబ్‌లు: ఎక్కడి నుంచి, ఎలా

వారానికి రెండుసార్లు, వారాలు ముందే ఖాయం చేసుకోండి. సోమ, గురువారాలైతే ల్యాబ్‌కీ గుర్తుంటుంది. గొంతు లేదా నోరు, ట్యూబులోంచి తీసిన కఫం, యూరిన్, మలద్వారం స్వాబ్, చంక-గజ్జల స్వాబ్. ఐదు చోట్లు చాలు.

ల్యాబ్ ఫారం మీద "ఫంగస్ కోసం, కాలనైజేషన్" (ఇన్ఫెక్షన్ లేకుండా ఫంగస్ చేరి ఉండటం) అని రాయండి. రాయకపోతే మా దగ్గర కఫంలో పెరిగిన ఈస్ట్‌ని మామూలు నోటి సరుకుగా భావించి రిపోర్టులో వదిలేసే అవకాశం ఉంది.

ఫలితాలు వచ్చాక పిటే సూచిక లెక్కగట్టండి: కాండిడా పెరిగిన చోట్లు భాగించు పరీక్షించిన చోట్లు. ఐదింటిలో మూడు పాజిటివ్ అయితే 0.6. ఇది 0.5కి చేరితే ఎక్కువ అని అర్థం.

ఇక్కడ జరిగే తప్పులు:

- ఒకే చోటు నుంచి రెండు రోజుల్లో రెండు పాజిటివ్‌లు వస్తే రెండు చోట్లుగా లెక్కపెట్టడం. చోటు ఒక్కటే, లెక్క ఒక్కటే.
- పక్కపక్కనే ఉన్న భాగాల్ని వేర్వేరుగా చూపించడం. నోరు, గొంతు కలిపి ఒక చోటు.
- కఫంలో కాండిడా వచ్చిందని మందు పెట్టేయడం. కాండిడా వల్ల న్యుమోనియా రావడం చాలా అరుదు. కఫం పాజిటివ్ స్కోరులో ఒక గడి నింపుతుంది, అంతే.
- యూరిన్ పైపు ఉన్న పేషెంటు యూరిన్‌లో కాండిడా రాగానే కంగారుపడటం. ఇబ్బంది ఏమీ లేకపోతే ముందు పైపు తీయగలమా చూడండి. చాలామందికి అదే వైద్యం.

చంక-గజ్జల స్వాబ్ కాండిడా ఆరిస్ కోసం. 2009లో జపాన్ పరిశోధకులు మొదట వర్ణించిన ఈ ఫంగస్ చర్మం మీద, మంచం రాడ్ల మీద, బీపీ పట్టీల మీద రోజుల తరబడి బతుకుతుంది, ఒక పేషెంటు నుంచి మరొకరికి పాకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జాబితాలో దీన్ని అత్యంత ప్రమాదకర వర్గంలో పెట్టింది. వేరే ఐసీయూలో ఉండి వచ్చిన ప్రతి పేషెంటుకీ చేరిన రోజే ఈ స్వాబ్ తీయండి.

## 5. కాండిడా స్కోరు వేయడం

ఇది లియోన్ బృందం 2006లో ఇచ్చిన లెక్క, ఐసీయూలో వారం దాటినవారి కోసం చేసింది. నాలుగే అంశాలు:

- టీపీఎన్ ఉంటే 1
- ఆపరేషన్ అయి ఐసీయూకి వస్తే 1
- ఒకదానికొకటి దూరంగా ఉన్న రెండు లేదా ఎక్కువ చోట్ల కాండిడా ఉంటే 1
- తీవ్రమైన సెప్సిస్ ఉంటే 2

మొత్తం 5. 3, ఆపైన వస్తే రెండో హెచ్చరిక.

ఒక ఊహా పేషెంటుతో చూద్దాం. పాలకొల్లు దగ్గరి పల్లె, 55 ఏళ్ల రైతు, సుగర్ ఉంది. పేగుకి చిల్లుపడి టౌన్లో ఆపరేషన్ చేశారు. మూడో రోజు వెంటిలేటర్ మీద మన దగ్గరికి రిఫర్ అయ్యాడు.

మూడో రోజు: ఆపరేషన్‌కి 1. సెంట్రల్ లైన్, యాంటీబయాటిక్స్ ఉన్నాయి. పొట్ట కేసు కాబట్టి మొదటి హెచ్చరిక. స్వాబ్‌లు పంపాం.

ఐదో రోజు: నోటి ద్వారా, ట్యూబు ద్వారా ఆహారం పడక టీపీఎన్ మొదలైంది. స్కోరు 2.

ఏడో రోజు: యూరిన్‌లో, కఫంలో కాండిడా అని రిపోర్టు. స్కోరు 3. జ్వరం 100 డిగ్రీలే. అయినా రెండో హెచ్చరికే, కల్చర్లు పూర్తిగా తీస్తాం. సర్జన్‌ని పిలిచి పొట్ట లోపల చీము ఉందేమో స్కాన్ అడుగుతాం.

తొమ్మిదో రోజు: బీపీకి మందు అవసరమైంది, యూరిన్ తగ్గింది. స్కోరు 5. మూడో హెచ్చరిక.

గమనించండి, సుగర్‌కి ఈ స్కోరులో మార్కు లేదు. వెంటిలేటర్‌కీ లేదు. పాంక్రియాటైటిస్‌కీ లేదు. మనసుకి తోచినవన్నీ కలిపి మార్కులు పెంచేయకండి. సెప్సిస్ మాటలో ఇంకో చిక్కు ఉంది. 2006లో "తీవ్రమైన సెప్సిస్" అంటే ఇన్ఫెక్షన్ లక్షణాలతో పాటు ఒక అవయవమైనా దెబ్బతినడం. ఇప్పటి నిర్వచనంలో దాన్నే సెప్సిస్ అంటున్నాం. జ్వరం, నాడి వేగం మాత్రమే ఉన్నవారికి 2 మార్కులు వేయకూడదు.

## 6. వచ్చిన అంకెను ఎలా చదవాలి

ఈ భాగం నెమ్మదిగా చదవమని కోరుతున్నాను.

ఐసీయూలో వారం దాటిన 1000 మంది ఉన్నారనుకుందాం. అందులో 20 మందికి నిజంగా ఫంగస్ ఇన్ఫెక్షన్ వస్తుందనుకుందాం. 2006 అధ్యయనంలో స్కోరు నిజమైన కేసుల్లో 81 శాతాన్ని పట్టుకుంది, లేనివారిలో 74 శాతాన్ని లేదని చెప్పగలిగింది. ఆ లెక్కన 20 మందిలో 16 మంది దొరుకుతారు, నలుగురు తప్పిపోతారు. మిగతా 980 మందిలో దాదాపు 255 మందికి స్కోరు ఉత్తినే గంట కొడుతుంది.

అంటే గంట మోగినవారు 271 మంది, నిజమైనవారు 16. పదిహేడు మందిలో ఒక్కరు. గంట మోగిన ప్రతివారికీ మందు పెడితే ప్రతి పదిహేడు మందిలో పదహారు మందికి అనవసరంగా పెట్టినట్టు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. గంట మోగనివారు 729 మంది, అందులో తప్పిపోయింది నలుగురు. సుమారు 180 మందిలో ఒక్కరే. స్కోరు బలం ఇక్కడుంది. "ఇప్పటికి ఫంగస్ మందు అక్కర్లేదు" అని ధైర్యంగా చెప్పడానికి అది బాగా పనికొస్తుంది.

2009లో అదే బృందం మరిన్ని ఐసీయూల్లో చూసినప్పుడు స్కోరు 3కి లోపున్నవారిలో 2.3 శాతం మందికి, 3 ఉన్నవారిలో 8.5 శాతం, 4కి 16.8 శాతం, 5కి 23.6 శాతం మందికి ఇన్ఫెక్షన్ తేలింది. మొత్తం 5 మార్కులూ వచ్చినా నలుగురిలో ఒకరికి కూడా పూర్తిగా రాలేదు.

మన దేశపు లెక్క కూడా పక్కన పెట్టుకోండి. 2011-12లో 27 ఐసీయూల్లో జరిగిన అధ్యయనంలో ప్రతి 1000 అడ్మిషన్లకి 6.51 కేసులు కనిపించాయి. ఐసీయూలో చేరిన సుమారు 8 రోజులకి బయటపడ్డాయి. నెల లోపు చనిపోయినవారు 44.7 శాతం. అరుదుగా వచ్చేదే, వస్తే ఇద్దరిలో దాదాపు ఒకరిని తీసుకుపోతోంది.

## 7. బ్లడ్ కల్చర్: అసలు పని ఇదే

స్కోరు ఎంత జాగ్రత్తగా వేసినా బాటిల్లో 3 మి.లీ. రక్తం పోసి పంపితే చేసిందంతా వృథా. లోపలి అవయవాల్లో కాండిడా ఉన్న కేసులన్నీ కలిపి చూస్తే కల్చర్ సుమారు సగంలోనే పట్టుకుంటుంది. రక్తం తక్కువైతే ఆ సగం కూడా చేజారుతుంది.

వరుస ఇది:

1. చేతులు కడిగి, బాటిళ్ల మూతలు తీసి, రబ్బరు బిళ్లని ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి.
2. చర్మాన్ని ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌తో రుద్దండి. కనీసం 30 సెకన్లు ఆరనివ్వండి. ఆరాక మళ్లీ వేలితో తాకకండి.
3. ఒక చేతి నరం నుంచి 20 మి.లీ. తీసి రెండు బాటిళ్లలో చెరి 10 పోయండి.
4. రెండో చేతి నుంచి మళ్లీ అలాగే.
5. సెంట్రల్ లైన్ మీద అనుమానముంటే అదే సమయంలో లైన్ నుంచి మూడో జత. ఆలస్యం చేయకండి, సమయాలు సరిపోలాలి.
6. మొత్తం 40 నుంచి 60 మి.లీ. రావాలి.
7. రక్తం తక్కువ దొరికితే గాలి ఉండే ఏరోబిక్ బాటిల్‌నే ముందు నింపండి.
8. బాటిల్ మీద పేషెంటు పేరు, ఏ చోటు నుంచి, ఎన్ని గంటలకి అని రాయండి. బార్‌కోడ్ మీద స్టిక్కర్ అతికించకండి.
9. కొత్త యాంటీబయాటిక్ గానీ ఫంగస్ మందు గానీ ఎక్కించే ముందే ఇదంతా అయిపోవాలి.

"అంత రక్తమా!" అని బంధువులు భయపడతారు. "ఒక కాఫీ గ్లాసు నిండా కూడా ఉండదండీ, దీన్నిబట్టే సరైన మందు తెలుస్తుంది" అని చెబితే ఒప్పుకుంటారు.

రవాణా సంగతి. చాలా చిన్న ఆస్పత్రుల్లో ఆటోమేటెడ్ మెషీన్ ఉండదు. బాటిళ్లు అమలాపురం నుంచి ఎదుర్లంక, యానాం మీదుగా కాకినాడ పోవాలి, లేదా భీమవరం నుంచి ఏలూరు, విజయవాడ వైపు పోవాలి. నాలుగు నియమాలు పాటించండి:

- ఫ్రిజ్‌లో పెట్టకండి, ఐస్ పెట్టెలో పెట్టకండి. గది వేడిమిలోనే ఉంచండి.
- ఏప్రిల్, మే నెలల్లో పార్క్ చేసిన కారులోనో బైకు డిక్కీలోనో వదిలేయకండి.
- 2 నుంచి 4 గంటల్లోపు మెషీన్‌లోకి చేరేలా చూడండి. రాత్రి తీసి పొద్దున పంపడం కన్నా రాత్రే మనిషిని పంపడం మేలు.
- మీ దగ్గరున్న వేరే ఇంక్యుబేటర్‌లో ముందే పెట్టి ఉంచకండి. మెషీన్ పెరుగుదలలో వచ్చే మార్పుని చూసి గంట కొడుతుంది. ముందే పెరిగిపోతే ఆ మార్పు దానికి కనపడకపోవచ్చు.

బాటిల్ కనీసం 5 రోజులు మెషీన్‌లో ఉండాలి. కాండిడా ఎక్కువగా 2-3 రోజుల్లో కనిపిస్తుంది, గ్లాబ్రాటా రకం ఇంకా ఆలస్యం చేయొచ్చు. "48 గంటలకి నెగెటివ్" అని వచ్చిన తాత్కాలిక రిపోర్టుని ఫైనల్ అనుకోవద్దు.

## 8. బీటా డి గ్లూకాన్ పరీక్ష

ఇది ఫంగస్ గోడలోని పదార్థాన్ని రక్తంలో కొలిచే పరీక్ష. దొరికితే వాడుకోండి, అయితే ఇదీ స్కోరు లాంటిదే. నెగెటివ్ వస్తే నమ్మదగ్గది, పాజిటివ్ వస్తే సందేహించాల్సింది. కొన్ని రకాల డయాలసిస్ ఫిల్టర్లు, ఆల్బుమిన్, ఇమ్యునోగ్లోబులిన్, ఆపరేషన్‌లో పెట్టిన గాజ్ (పల్చటి నూలు గుడ్డ) వల్ల కూడా అబద్ధపు పాజిటివ్ వస్తుంది. మ్యూకర్ ఫంగస్‌ని ఇది పట్టదు.

## 9. కల్చర్ లేకుండానే మందు ఎప్పుడు, ఆపడం ఎప్పుడు

మూడో హెచ్చరికలో ఉన్న పేషెంటుకి కల్చర్ ఫలితం కోసం ఆగకూడదు. 2006లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో కల్చర్ తీసిన రోజే ఫ్లూకోనజోల్ అందినవారిలో 15 శాతం మంది చనిపోగా, మర్నాడు అందినవారిలో 24, రెండో రోజుకి 37, మూడో రోజు, ఆ తర్వాత అందినవారిలో 41 శాతం మంది చనిపోయారు.

అలాగని ఐసీయూ అంతా పంచిపెట్టడం కూడా తప్పే. 2016లో ఫ్రాన్స్‌లో చేసిన ఎంపిరికస్ ప్రయోగంలో ఐసీయూలో వచ్చిన సెప్సిస్, చాలా చోట్ల కాండిడా, అవయవాల వైఫల్యం ఉన్నవారికి ముందుగానే మైకాఫంగిన్ అనే ఫంగస్ మందు ఇచ్చి చూశారు. 28వ రోజుకి ఫంగస్ ఇన్ఫెక్షన్ లేకుండా బతికి ఉన్నవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ మెరుగుదల రాలేదు. ఈ మందులు రోజుకి వేలల్లో ఖర్చు. కౌలు రైతు కుటుంబం ఆ బిల్లు కోసం ఏం తాకట్టు పెడుతుందో మనకి తెలుసు.

కాబట్టి మొదలుపెట్టిన రోజే షీట్‌లో పునఃపరిశీలన తేదీ రాయండి. నాలుగో రోజో ఐదో రోజో కూర్చుని చూడండి:

- కల్చర్లన్నీ నెగెటివ్‌గా ఉన్నాయా?
- బీటా డి గ్లూకాన్ చేయిస్తే నెగెటివ్ వచ్చిందా?
- వేరే కారణం దొరికిందా?
- మందు మొదలుపెట్టినా మార్పేమీ లేదా?

కల్చర్లు నెగెటివ్, మార్పూ లేదంటే ఆపేయండి. ఆపడానికి భయపడేవాళ్లనే ఎక్కువగా చూశాను. రాసి పెట్టుకున్న తేదీ ఆ భయాన్ని తగ్గిస్తుంది.

## 10. "ఈస్ట్ కనిపిస్తోంది" అని ల్యాబ్ నుంచి ఫోన్ వస్తే

రక్తంలో కాండిడా ఒక్క బాటిల్లో కనిపించినా నిజమే. కొన్ని రకాల స్టాఫైలోకాకస్ బ్యాక్టీరియా విషయంలో అన్నట్టు "చర్మం మీదిదేమో" అనుకోకూడదు. రకం పేరు తేలేదాకా కూడా ఆగొద్దు. ఆ గంటలోనే:

- ఎకైనోకాండిన్ జాతి ఫంగస్ మందు. పెద్దవారికి కాస్పోఫంగిన్ అయితే మొదటి రోజు 70 మి.గ్రా., తర్వాత రోజుకి 50. మైకాఫంగిన్ అయితే రోజుకి 100. లివర్ పరిస్థితి చూసి మీ సీనియర్‌తో ఖాయం చేసుకోండి.
- సెంట్రల్ లైన్ తీయగలిగితే తీసేయండి.
- రోజూ లేదా రోజు మార్చి రోజు కల్చర్, నెగెటివ్ అయ్యేదాకా.
- మొదటి వారంలో కంటి డాక్టరుతో కంటి లోపలి పరీక్ష.
- మొదటి నెగెటివ్ కల్చర్ తేదీ నుంచి 14 రోజులు మందు. మొదలుపెట్టిన తేదీ నుంచి కాదు.

మన దేశంలో ట్రాపికాలిస్ రకం ఎక్కువ. పైన చెప్పిన 27 ఐసీయూల అధ్యయనంలో 41.6 శాతం అదే. ఫ్లూకోనజోల్ అలవాటుగా రాసేముందు ఏ మందు పనిచేస్తుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్టు చూడండి. రిపోర్టులో "హీములోనియై" అని వస్తే ల్యాబ్‌ని మళ్లీ అడగండి. కొన్ని మెషీన్లు ఆరిస్‌ని ఆ పేరుతో చూపిస్తాయి. ఆరిస్ అయితే పేషెంటుని విడిగా పెట్టి, మంచం చుట్టుపక్కలంతా క్లోరిన్ ద్రావణంతో తుడవండి. మామూలు ఫినాయిల్ సరిపోదు.

## 11. పసిపిల్లల వార్డులో

ఇక్కడ పై స్కోరు పనికిరాదు. కిలో లోపు బరువుతో పుట్టడం, సెంట్రల్ లైన్, కొవ్వు కలిపిన టీపీఎన్, మూడో తరం సెఫలోస్పోరిన్లు, అసిడిటీ తగ్గించే మందులు: ఇవి ప్రమాద కారణాలు. బిడ్డ మందకొడిగా ఉండి ప్లేట్‌లెట్లు హఠాత్తుగా పడిపోతే ఫంగస్ గుర్తుకు రావాలి. రెండు కిలోల లోపు బిడ్డకి కల్చర్‌కి 2 నుంచి 4 మి.లీ. చాలు.

## 12. మీ ఐసీయూ లెక్క మీరే చూసుకోండి

ఆరు నెలలు షీట్లు నింపాక ఎక్సెల్‌లోకి ఎక్కించండి. స్కోరు 3, ఆపైన వచ్చినవారు ఎంతమంది, అందులో కల్చర్ పాజిటివ్ ఎంతమంది, 3 లోపు ఉండి కూడా పాజిటివ్ అయినవారు ఎవరు. విదేశీ అంకెల కన్నా ఇవి మీకు ఎక్కువ ఉపయోగపడతాయి.

కొందరు కుర్ర డాక్టర్లు కంప్యూటర్ మోడల్ తయారు చేస్తామంటున్నారు. సంతోషం. ఒక్కటి చూసుకోండి: కల్చర్ తీసిన సమయానికి ముందు తెలిసిన సమాచారమే మోడల్‌కి ఇవ్వాలి. ఫంగస్ మందు మొదలైన సంగతి కూడా అందులో కలిసిపోతే మోడల్ రోగాన్ని కాదు, డాక్టరు అనుమానాన్ని నేర్చుకుంటుంది. 1000 మందిలో ఏడుగురికి వచ్చే జబ్బుకి "99 శాతం సరిగ్గా చెప్పింది" అనే మాటకి కూడా అర్థం లేదు. ఎవరికీ లేదని చెప్పినా 99 దాటుతుంది.

## 13. పేషెంటుని పంపేటప్పుడు

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో ఆదివారం పొద్దున బాటిల్ పాజిటివ్ అయింది. ఈస్ట్. ఫోన్ చేస్తే పేషెంటు ముందు రోజే వేరే ఊరికి రిఫర్ అయిపోయాడన్నారు. ఏ ఆస్పత్రికో ఎవరికీ తెలియదు. ఫారం మీద ఫోన్ నంబరు లేదు. మధ్యాహ్నానికి వాళ్ల ఊరి అంగన్‌వాడీ టీచర్ ద్వారా కొడుకు నంబరు దొరికింది. "నిన్నటి నుంచి స్పృహలో లేడండి" అన్నాడు ఆ అబ్బాయి. మందు అందేసరికి సాయంత్రమైంది. ఆ పేషెంటు బతకలేదు. ముందు రోజే అంది ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. ఆ రోజు నుంచి రిఫరల్ చీటీతో పాటు ఈ కాగితం లేకుండా పేషెంటుని పంపొద్దని అందరినీ అడుగుతున్నాను:

- రిజల్టు రావాల్సిన కల్చర్లు: ఏవి, ఏ తేదీన, ఏ ల్యాబ్‌లో
- ల్యాబ్ ఫోన్ నంబరు; ల్యాబ్‌కి పేషెంటు వెళ్తున్న ఆస్పత్రి పేరు చెప్పామా
- వెంట వెళ్తున్న బంధువు ఫోన్ నంబరు, ఇంట్లో ఉండే ఇంకొకరి నంబరు
- ఈ రోజు వరకు కాండిడా స్కోరు, స్వాబ్ ఫలితాలు
- సెంట్రల్ లైన్ వేసిన తేదీ
- ఇచ్చిన యాంటీబయాటిక్స్, ఫంగస్ మందులు, ఎన్ని రోజులు
- మందు మొదలుపెట్టి ఉంటే పునఃపరిశీలన తేదీ
- రాసిన డాక్టరు పేరు, సంతకం, రాత్రి కూడా ఎత్తే నంబరు